నాలుగో పేరు



తద్దినం రోజున పురోహితుడు మనల్ని మూడు పేర్లు అడుగుతాడు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. మొదటి రెండూ తడుముకోకుండా చెబుతాం. మూడో పేరు దగ్గర కాస్త ఆగి పక్కనున్న బాబాయి వైపు చూస్తాం. ఆయన అందిస్తాడు. నాలుగో పేరు ఎవరూ అడగరు. అడిగితే చెప్పగలిగిన ఇళ్ళు చాలా తక్కువ.

ఆ నాలుగో పేరు కోసమే బ్రెజిల్లో, అర్జెంటీనాలో, అమెరికాలో ఎన్నో కుటుంబాలు ఏళ్ళ తరబడి వెతుకుతున్నాయి. ఆ పేరుగల మనిషి ఇటలీలో ఏ ఊళ్ళో, ఏ రోజున పుట్టాడో కాగితం మీద చూపించగలిగితే, ఆయన మునిమనవడి పిల్లలు కూడా ఇటలీ పౌరులే. మొన్నమొన్నటిదాకా, సరిగ్గా చెప్పాలంటే 2025 మార్చి 27 రాత్రిదాకా, ఆ దేశపు చట్టం అదే. ఈ వెతుకులాట గురించి, ఇందులో నిజంగా సాయపడేవాళ్ళ గురించి, సాయం పేరుతో సొమ్ము గుంజేవాళ్ళ గురించి ఇవాళ మాట్లాడతాను. మన తెలుగువాళ్ళకు సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడింది 1861 మార్చి 17న. అంతకుముందు అది చిన్నాపెద్దా సంస్థానాల గుంపు. దేశమైతే ఏర్పడింది గాని అందరికీ అన్నం పెట్టలేకపోయింది. ఉత్తరాన వెనెతో పల్లెల్లో పొద్దున్నా రాత్రీ మొక్కజొన్న సంకటే. ఆ ఒక్క తిండితోనే బతికిన పేదలకు పెల్లాగ్రా జబ్బు పట్టుకునేది. ఒళ్ళంతా పొట్టు రేగి, చివరికి మతి చలించేది. దక్షిణాన సిసిలీ, కలాబ్రియాల్లో భూమంతా కొద్దిమంది పెద్దల చేతుల్లో ఉండేది. 1876 నుంచి 1915 లోపల దాదాపు కోటీ నలభై లక్షల మంది ఆ దేశం వదిలి వెళ్ళిపోయారు. అదే కాలంలో, 1888 మే 13న, బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది. సావో పౌలో కాఫీ తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఓడ ఖర్చులు మేమే పెట్టుకుంటాం రమ్మన్నారు. జెనోవా రేవులో ఎక్కితే సాంతోస్ రేవులో దిగడం, అక్కడి నుంచి రైల్లో సావో పౌలో వలసకూలీల విడిదికి, ఆపైన తోటల్లోకి. ఆ విడిది ఇప్పుడు వలసల మ్యూజియం. ఆనాటి పేర్ల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి.

పోయినవాళ్ళను ఇటలీ చట్టం మాత్రం వదులుకోలేదు. 1865 నాటి పౌరస్మృతి, 1912 నాటి 555వ నంబరు చట్టం, 1992 నాటి 91వ నంబరు చట్టం, మూడింటిలోనూ నడిచిన సూత్రం ఒక్కటే. పౌరుడి బిడ్డ పౌరుడే, ఎక్కడ పుట్టినా సరే. ఎన్నో తరందాకా అన్న హద్దు ఉండేది కాదు. అందుకే అర్జీ పెట్టుకునే మనిషి పౌరసత్వం ఇమ్మని అడగడు. పుట్టుకతో నాకున్నదాన్ని గుర్తించండి అని అడుగుతాడు. ఈ తేడా మాటలో చిన్నదిగా కనిపిస్తుంది. కోర్టుల్లో మాత్రం ఎన్నో కేసులు దీని చుట్టూనే తిరిగాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. 1870లో వెనెతో ప్రాంతంలోని త్రెవీజో దగ్గర ఒక పల్లెలో ఒక పిల్లవాడు పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకు, 1888లో, అమ్మానాన్నలతో బ్రెజిల్ చేరాడు. అతనికి 1900లో కొడుకు, ఆ కొడుక్కి 1930లో కొడుకు, అతనికి 1960లో కొడుకు, అతనికి 1990లో ఒక కూతురు. ఇప్పుడు సావో పౌలోలో ఉద్యోగం చేసుకుంటున్న ఆ అమ్మాయికి, త్రెవీజో పల్లెలో పుట్టినవాడు నాలుగో పేరు.

ఆ పాత చట్టం ప్రకారం ఆమె చూపించాల్సింది ఒక గొలుసు. ప్రతి తరానికీ పుట్టుక కాగితం, పెళ్ళి కాగితం, అవసరమైతే చావు కాగితం. బ్రెజిల్ కాగితాల మీద, అవి వేరే దేశంలో చెల్లేందుకు వేసే అపోస్టిల్ ముద్ర పడాలి, ఇటాలియన్‌లోకి అనువాదం కావాలి. ఒక్క కొక్కెం ఊడినా గొలుసు తెగినట్టే. అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఒకటుంది. దాన్ని చాలామంది చిట్టచివర వెతుకుతారు. నిజానికి మొట్టమొదట వెతకాల్సింది అదే. ఆ వెళ్ళిన మనిషి కొత్త దేశపు పౌరసత్వం తీసుకున్నాడా, తీసుకుంటే ఏ తేదీన? తన బిడ్డ పుట్టకముందే తీసుకుని ఉంటే, పుట్టిన బిడ్డ ఇటలీ పౌరుడి బిడ్డ కాదు. కథ అక్కడితో సరి.

బ్రెజిల్ విషయంలో ఇదొక పెద్ద తగాదాగా మారింది. 1889 నవంబరు 15న అక్కడ రాచరికం పోయి గణతంత్రం వచ్చింది. నెల తిరగకుండా కొత్త ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. గణతంత్రం వచ్చిన రోజున దేశంలో ఉన్న విదేశీయులంతా బ్రెజిల్ పౌరులే, వద్దనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోగా వచ్చి చెప్పుకోవాలి అని. కాఫీ తోటలో పొద్దంతా పనిచేసే, చదువురాని కూలీకి ఆ ఉత్తర్వు సంగతి ఎవరు చెబుతారు? ఎవరి దగ్గరికెళ్ళి వద్దంటాడు? నూటముప్పయ్యేళ్ళ తర్వాత ఇటలీ ప్రభుత్వం కోర్టులో ఆ ఉత్తర్వునే చూపించి, మీ గొలుసు 1889లోనే తెగిందని వాదించింది. 2022 ఆగస్టులో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం, కస్సాత్సియోనె, ఆ వాదనను కొట్టేసింది. నోరు మెదపకపోవడం పౌరసత్వాన్ని వదులుకోవడం కాదు, తెలిసి, కోరి చేసిన పని ఉండాలి అంది. నిరక్షరాస్యుడైన కూలీ మౌనాన్ని అతని మీదికే తిప్పకూడదన్న ఆ తీర్పు నాకు ఎంతో నచ్చింది.

ఇక ఇటలీ వైపు కాగితం సంగతి. నా మనసు ఎక్కువగా నిలిచేది ఇక్కడే. పాత రిజిస్టర్లంటే నాకు ప్రాణం.

నెపోలియన్ సైన్యం దక్షిణ ఇటలీకి వెళ్ళినప్పుడు వెంట ఒక కొత్త పద్ధతిని తీసుకెళ్ళింది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు చర్చి పుస్తకంలోనే కాక ఊరి కచేరీలో కూడా రాయాలని. అలా నేపుల్స్ రాజ్యంలో 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి ఊరూరా రిజిస్టర్లు ఉన్నాయి. తండ్రి పసిబిడ్డను తీసుకుని కచేరీకి వచ్చేవాడు. ఇద్దరు సాక్షులు వెంట వచ్చేవారు. గుమాస్తా సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాసేవాడు. బిడ్డ పుట్టిన గంట, ఇల్లున్న వీధి, తండ్రి వయసు, వృత్తి, తల్లి పేరు, అన్నీ అందులో ఉంటాయి. సాక్షుల వృత్తులు కూడా ఉంటాయి. రైతు, చెప్పులు కుట్టేవాడు, జాలరి. కింద, వచ్చినవాళ్ళకు రాయడం రాదు కనుక సంతకాలు లేవు అని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం చదివితే ఆ ఇల్లు ఎలాంటిదో కళ్ళకు కడుతుంది.

ఇప్పుడు ఇటలీ ప్రభుత్వ అభిలేఖాగారాలు ఆ పుటలను ఫొటోలు తీసి అంతెనాతి అనే పోర్టల్లో పెట్టాయి. ఇటాలియన్‌లో ఆ మాటకు పూర్వీకులని అర్థం. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూడొచ్చు. అన్ని జిల్లాలవీ, అన్ని ఏళ్ళవీ లేవు, నిజమే. అయినా ఊరు తెలిసి, ఏడు తెలిస్తే, ఏడాది చివర ఉండే పేర్ల పట్టిక చూసి పుట నంబరు పట్టుకోవచ్చు. ఇటాలియన్ పండితుడు కానక్కర్లేదు. నెలల పేర్లు, అంకెల పేర్లు, ఒక ఇరవై మాటలు నేర్చుకుంటే పని నడుస్తుంది. రాత మాత్రం మన పాత దస్తావేజుల గొలుసుకట్టు రాతకు ఏమీ తీసిపోదు. నాలుగు రోజులు కళ్ళు అలవాటు పడాలి.

మనం ఊహించుకున్న సావో పౌలో అమ్మాయికి మాత్రం ఇక్కడొక చిక్కుంది. వెనెతో ప్రాంతం ఇటలీలో కలిసింది 1866లో. అక్కడ ఊరి కచేరీలో పుట్టుకలు రాయడం మొదలైంది 1871లో. ఆమె నాలుగో పేరు పుట్టింది 1870లో. అంటే కొమూనెకు, మన భాషలో పురపాలక కచేరీకి, ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ కాగితం దొరకదు. అది ఆ ఊరి చర్చిలో, బాప్తిస్మం పుస్తకంలో ఉంటుంది. రాయాల్సింది పాదిరి గారికి. ఆయన ఇచ్చే నకలు మీద ఆ మేత్రాసన కార్యాలయం ధ్రువీకరణ ముద్ర కూడా వేయించాలి. నిజమైన సాయం అంటే ఇది. ఉత్తరం ఎవరికి రాయాలో చెప్పేవాడు, ఉత్తరాలు రాసిపెట్టి డబ్బు తీసుకునేవాడికంటే వందరెట్లు మేలు చేసినట్టు.

పేర్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పొలం పాసుపుస్తకంలో ఇంకొకటి. ఇంటిపేరు ముందుందా వెనకుందా అని పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళు మనలో ఎందరో. అక్కడా అంతే. ఇటలీలో జొవాన్ని, బ్రెజిల్లో జొవావు, అమెరికాలో జాన్. జుజెప్పె ఒకచోట జోసె, ఇంకోచోట జోసెఫ్. జంటాక్షరాలు పోయాయి, చివరి అచ్చులు మారాయి. అమెరికాలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో దిగగానే అక్కడి అధికారులు మా తాత పేరు మార్చేశారని. అది నిజం కాదు. ప్రయాణికుల పట్టీని ఓడ కంపెనీవాళ్ళు ఎక్కించుకునే రేవులోనే తయారుచేసేవారు. న్యూయార్క్ అధికారులు ఆ పట్టీలోని పేర్లను సరిచూసేవాళ్ళు మాత్రమే. పేర్లు మారింది తర్వాత, బళ్ళో, ఫ్యాక్టరీలో, పక్కింటివాళ్ళ నోట. ఇది తెలిస్తే వెతికే పద్ధతి మారుతుంది. ఓడ పట్టీలో జాన్‌ను వెతికితే దొరకడు. జొవాన్నిని వెతకాలి. ఇటలీ కాగితాల్లో ఆడవాళ్ళు జీవితాంతం పుట్టింటి పేరుతోనే ఉంటారు. అమెరికా కాగితాల్లో మొగుడి ఇంటిపేరుతో ఉంటారు. అవ్వ కాగితం దొరకడం లేదని ఏడ్చేవాళ్ళలో చాలామంది వెతికే ఇంటిపేరే తప్పు.

అమెరికా పౌరసత్వం ఎప్పుడు తీసుకున్నాడన్న తేదీకి కూడా దారులున్నాయి. అక్కడి 1920 జనాభా లెక్కల్లో విదేశంలో పుట్టిన ప్రతివాడినీ పౌరుడయ్యావా, అయితే ఏ ఏడాది అని అడిగారు. చిన్న అక్షరాల్లో గుర్తులుంటాయి. ఎన్-ఏ అంటే పౌరుడయ్యాడు, పీ-ఏ అంటే మొదటి దరఖాస్తు పెట్టాడు, ఏ-ఎల్ అంటే ఇంకా పరదేశీయుడే. 1906కు ముందు ఏ చిన్న కోర్టయినా పౌరసత్వం ఇచ్చేది కాబట్టి, ఆ కాలం కాగితాల కోసం ఊరి కోర్టు బీరువాలు వెతకాలి. ఆ తర్వాతివి కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంటాయి. 1940లో అమెరికా తన గడ్డ మీదున్న పరదేశీయులందరినీ వచ్చి పేరు నమోదు చేయించుకోమంది. రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగాక దాదాపు ఆరు లక్షల మంది ఇటలీ పౌరుల మీద శత్రుదేశీయులన్న ముద్ర వేసింది. 1942 అక్టోబరులో గాని ఆ ముద్ర తీయలేదు. ఆనాడు ఎందరో నోన్నాలు బిక్కుబిక్కుమంటూ దాచుకున్న ఆ నమోదు కార్డు ఈనాడు మనవరాలి చేతికి దొరికితే, అదే అసలు సాక్ష్యం. 1940లో ఆమె ఇంకా ఇటలీ పౌరురాలే అని ఆ కార్డు చెబుతుంది.

నోన్నా అన్నాను కదా, ఆ మాట గురించి ఒక్క నిమిషం. మనకు అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు. ఇటాలియన్‌లో ఇద్దరూ నోన్నాలే. భాషలో లేని తేడాను చట్టం తెచ్చిపెట్టింది. 1912 చట్టం ప్రకారం పౌరసత్వం తండ్రి నుంచే బిడ్డకు వచ్చేది, తల్లి నుంచి వచ్చేది కాదు. విదేశీయుణ్ణి పెళ్ళాడి అతని పౌరసత్వం వచ్చిందంటే ఆడపిల్ల తన దేశాన్ని పోగొట్టుకున్నట్టే. ఆడా మగా సమానమన్న కొత్త రాజ్యాంగం 1948 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ వివక్ష తప్పని రాజ్యాంగ న్యాయస్థానం 1975లో ఒకసారి, 1983లో మరోసారి తేల్చింది. కాని విదేశాల్లో ఈ అర్జీలు తీసుకునే ఇటలీ కాన్సులేట్లు ఒక గీత గీసుకుని కూర్చున్నాయి. తల్లి ద్వారా అడిగేవాళ్ళు 1948 జనవరి 1 తర్వాత పుట్టి ఉంటేనే తీసుకుంటాం అని. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో 1946లో పుట్టిన అన్న పరాయివాడు, 1949లో పుట్టిన చెల్లెలు పౌరురాలు. 2009లో కస్సాత్సియోనె ఇది అన్యాయమంది. అప్పటి నుంచి అలాంటి అన్నలు కోర్టుకు వెళ్ళి గెలుస్తూ వచ్చారు. వాటిని అక్కడ 1948 కేసులంటారు. ఈ కేసులకు వకీలు తప్పనిసరి. కాన్సులేటు కిటికీ దగ్గర వీటికి జవాబు లేదు.

ఇంకో మెలిక 2024లో పడింది. తండ్రి అమెరికా పౌరుడయ్యే నాటికి కొడుకు మైనరైతే? ఆ కొడుకు అమెరికాలోనే పుట్టాడు కాబట్టి పుట్టుకతోనే రెండు పౌరసత్వాలూ ఉన్నవాడు. తండ్రి ఏం చేసినా వాడిది వాడికి ఉంటుందని దశాబ్దాలుగా కాన్సులేట్లే ఒప్పుకున్నాయి. 2024 అక్టోబరు 3న ఇటలీ హోంశాఖ ఒక సర్క్యులర్ పంపింది. ఇకమీదట అలా కాదు, తండ్రితోపాటు మైనరు బిడ్డదీ పోయినట్టే అని. ఇంటినిండా కాగితాలు సిద్ధం చేసుకుని, అపోస్టిళ్ళు వేయించుకుని, అపాయింట్‌మెంట్ కోసం కాచుకున్న కుటుంబాలు ఆ ఒక్క సర్క్యులర్‌తో వెనక్కి తిరగాల్సి వచ్చింది.

అపాయింట్‌మెంట్ సంగతి కూడా చెప్పాలి. సావో పౌలో కాన్సులేటు వరుసలో పదేళ్ళకు పైగా ఎదురుచూసినవాళ్ళున్నారు. ఇంత ఆలస్యం హక్కు లేకుండా చేయడమేనని జనం ఇటలీ కోర్టులకెక్కారు. 2022 జూన్ నుంచి పూర్వీకుడు పుట్టిన ప్రాంతం కోర్టులోనే దావా వేయాలని మార్చడంతో, బ్రెజిల్ కేసులు చాలావరకు వెనెతో ప్రాంతం చూసే వెనిస్ కోర్టు మీద వచ్చి పడ్డాయి.

వరుస పొడుగైన చోట దళారి పుడతాడు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు చూసిందే. కొందరు అపాయింట్‌మెంట్లే అమ్ముకున్నారు. ఇంకొందరు, ఇటలీలో కొన్నాళ్ళున్నట్టు చూపిస్తాం, కొమూనెలో త్వరగా చేయిస్తాం అన్నారు. ఇటలీలో నివాసం ఉంటే అక్కడి కొమూనెలోనే అర్జీ పెట్టుకునే పద్ధతి నిజంగానే ఉంది. కాని ఆ నివాసం నిజమైనదై ఉండాలి. ఊరి పోలీసు ఇంటికొచ్చి తలుపు తట్టి చూస్తాడు. ఒకే చిన్న ఇంట్లో డజన్లకొద్దీ విదేశీయులు కాపురమున్నట్టు కాగితాలు పుట్టించిన ముఠాలు దొరికాయి, వాళ్ళ మాట నమ్మినవాళ్ళ పౌరసత్వాలు రద్దయ్యాయి. డబ్బు పోవడమే కాక, తాతగారి పేరు కూడా క్రిమినల్ కేసు ఫైల్లోకి ఎక్కింది. అలా నష్టపోయినవాళ్ళ మీద నాకు కోపం రాదు, బాధేస్తుంది. వాళ్ళలో చాలామందికి అసలు హక్కు ఉంది. నకిలీ దారిలో పోవాల్సిన పనే లేదు.

మంచి సాయాన్ని ఎలా పోల్చుకోవాలి? నాకు తోచిన కొలత ఒక్కటే. మొదటి మాటల్లోనే మీ తాత పౌరసత్వం తేదీ ఏది అని అడిగి, అది చూశాక అవసరమైతే మీకు రాదండి అని చెప్పగలిగినవాడు మంచివాడు. తేదీ అడగకుండా ఫీజు చెప్పేవాడు వ్యాపారి. వకీలును పెట్టుకునేవాళ్ళు ఆ మనిషి పేరు ఇటలీ న్యాయవాదుల పట్టికలో, అంటే ఆల్బోలో, ఉందో లేదో చూసుకోవచ్చు. ఆ పట్టిక బహిరంగమే. ఖర్చెంతవుతుందో ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని అక్కడి వకీళ్ళకు 2017 నుంచి చట్టమే చెబుతోంది. కనుక అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఖర్చులు ఎలాగూ పెరిగాయి. 2025 జనవరి నుంచి కాన్సులేటు ఫీజు మనిషికి 600 యూరోలు. కోర్టుకెళ్ళినా ఒక్కొక్క దావాదారుకు 600 యూరోలే. నూరేళ్ళు దాటిన రికార్డు నకలుకు కొమూనెలు 300 యూరోల దాకా వసూలు చేసుకోవచ్చని కూడా అనుమతిచ్చారు. గాలిలో రాయి విసిరినట్టు పది ఊళ్ళకు ఉత్తరాలు రాసే కాలం పోయింది. ఊరూ ఏడూ ముందే తెలుసుకుని ఒక్క ఉత్తరం రాయాలి.

డబ్బు లేకుండా దొరికే సాయం కూడా తక్కువేం కాదు. వలస వెళ్ళిన ఇటాలియన్లకు పెన్షన్లు, కాగితాల పనుల్లో సాయపడే పత్రోనాతోలని ఉన్నాయి. కార్మిక సంఘాలు, చర్చి సంఘాలు నడిపే సంస్థలవి. అంతకంటే పెద్ద సాయం, ఇదివరకే ఈ దారిలో నడిచినవాళ్ళు. తమ పని అయిపోయాక కూడా, ముక్కూమొహం తెలియని మనిషి పంపిన పాత పుటను రాత్రుళ్ళు కూర్చుని చదివిపెట్టేవాళ్ళుంటారు. ఇది గుమాస్తా పొరపాటు, ఇది మీ ముత్తవ్వ పేరే అని చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళకు దక్కేదేమీ ఉండదు.

ఇప్పుడు 2025 మార్చి దగ్గరికి వద్దాం. మార్చి 28న ఇటలీ మంత్రివర్గం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. విదేశాంగ మంత్రి ఆంతోనియో తయాని దాన్ని ప్రకటించారు. విదేశాల్లో ఉన్న ఇటలీ పౌరులు పదేళ్ళలో 46 లక్షల నుంచి 64 లక్షలకు పెరిగారని, పాత చట్టమే ఉంటే 6 కోట్ల నుంచి 8 కోట్ల మంది అర్జీ పెట్టుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఇటలీ జనాభాయే దాదాపు 5 కోట్ల 90 లక్షలు. మే 23న అది 74వ నంబరు చట్టమైంది. ఇక తండ్రో తల్లో, లేదా తాతో అవ్వో, ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉన్నవాళ్ళై ఉండాలి, చనిపోయి ఉంటే చనిపోయేనాటికి అలా ఉండాలి. లేదంటే తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై, బిడ్డ పుట్టకముందు ఇటలీలో రెండేళ్ళు వరుసగా కాపురమున్నవాళ్ళై ఉండాలి. గీత ఎక్కడ గీశారంటే మార్చి 27 రాత్రి 11 గంటల 59 నిమిషాల దగ్గర. అంటే ప్రకటించిన రోజుకు ముందురోజు. ఆలోగా అర్జీ ఇచ్చినవాళ్ళకు, అపాయింట్‌మెంట్ ఖరారైనవాళ్ళకు పాత చట్టం. మిగతావాళ్ళకు కొత్తది. పురోహితుడు మూడు పేర్లు అడుగుతాడు. ఇటలీ చట్టం ఇప్పుడు రెండు పేర్లతో ఆగుతుంది.

ఇందులో న్యాయం ఎటుంది? నేను చాలా ఆలోచించాను. బెల్లూనో కొండల్లో వాల్ ది జోల్దో అనే చిన్న కొమూనె ఉంది. మూడు వేల మంది కూడా లేని ఊరు. అక్కడి కచేరీలో ఉన్న కొద్దిపాటి సిబ్బంది బ్రెజిల్ నుంచి వచ్చిన అర్జీలతోనే సతమతమై, ఊరి పనులు చూడలేకపోయారు. చివరికి మేయరు నిరసనగా కచేరీ మీద బ్రెజిల్ జెండా ఎగరేశారు. ఆ ఊరివాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఇంకో బాధ కూడా ఉంది. పో నది మైదానంలో పశువుల కొట్టాల్లో పాలు పితికే పంజాబీలు వేలల్లో ఉన్నారు. అక్కడి నొవెల్లారా ఊళ్ళో వాళ్ళ పెద్ద గురుద్వారా ఉంది. ఆ పాలతోనే అక్కడి పేరుమోసిన జున్ను తయారవుతుంది. వాళ్ళు పౌరసత్వం అడగాలంటే పదేళ్ళు అక్కడ నివసించాలి. అక్కడే పుట్టి, అక్కడి బళ్ళో చదివి, అక్కడి భాషే మాట్లాడే వాళ్ళ పిల్లలు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆగాలి. పదేళ్ళను అయిదేళ్ళు చేయాలని 2025 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు దాదాపు 30 శాతమే. సగం మందైనా రావాలి కాబట్టి అది చెల్లలేదు. ఇటలీ గడ్డ ఎన్నడూ తొక్కని అయిదో తరానికి తలుపు తీసి, గడ్డి కోసే పంజాబీ కొడుక్కి తలుపు మూసిన పాత పద్ధతి సరైనదని నేను అనలేను.

అయినా తరాల హద్దు పెట్టడం వేరు, రాత్రికి రాత్రి పెట్టడం వేరు. ఫలానా తేదీ నుంచి మారుతుందని ఒక ఏడాది ముందు చెప్పి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తమ కాన్సులేటు వరుస కదలకపోవడం వల్లే బయట మిగిలిపోయినవాళ్ళకు, ఆలస్యం చేశారు కదా అని చెప్పడం అన్యాయం. తలుపు మూసే హక్కు ఇంటివాడికి ఉంది. పదేళ్ళుగా గడపలో నిలబెట్టిన మనిషి మొహం మీద మూసే హక్కు లేదు.

ఇక మన సంగతి. కోరంగి రేవు నుంచి 1830ల చివర, 1840ల్లో తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. అక్కడ వాళ్ళకు కోరంగివాళ్ళన్న పేరే స్థిరపడింది. ఈనాటికీ ఉగాది ఆ దేశంలో సెలవురోజు. మన దేశం ఇచ్చే విదేశీ భారతీయ పౌర కార్డు, అంటే ఓసీఐ, మామూలుగా మునిమనవళ్ళ తరందాకానే. 2024 మార్చిలో మారిషస్ వెళ్ళిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు, అక్కడి భారత సంతతికి ఏడో తరందాకా ఆ కార్డు ఇస్తామని ప్రకటించారు. అది పూర్తి పౌరసత్వం కాకపోయినా, వంశం చూపించి అడగడం మాత్రం అదే పద్ధతి. ఇటలీ నాలుగో పేరును చెరిపేయడానికి ఏడాది ముందు మనం ఏడో పేరుకు తలుపు తీశాం.

మారిషస్ తెలుగువాడు కాగితం కోసం ఎక్కడికి వెళ్ళాలి? ఆ దేశంలోనే మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల నమోదు పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసిన పుటలు. కాని ఆ ఊరి పేరు పట్టుకుని గోదావరి జిల్లాకో, విశాఖ జిల్లాకో వస్తే, ఇక్కడ 1840 నాటి పుట్టుకల రిజిస్టరు ఏ కచేరీలోనూ ఉండదు. సిసిలీలో చెప్పులు కుట్టేవాడి బిడ్డ ఏ గంటకు పుట్టాడో 1820 నుంచి రాసిపెట్టి ఉంది. మన పల్లెల్లో తాత పుట్టిందెప్పుడంటే ఉప్పెన వచ్చిన ఏడు అంటారు. బందరు ఉప్పెన అయితే 1864 అని లెక్క కట్టుకోవాలి. అందుకే మారిషస్ నుంచి ఎవరైనా ఊరు వెతుక్కుంటూ వచ్చి, కుమ్మరి వీధి ఎక్కడ, ఫలానా ఇంటిపేరువాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగితే, దయచేసి విసుక్కోకండి. ఊరి పెద్దల దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళకు మీరే రిజిస్టరు.

ఇటలీ దారిలో ఇంకా తెరిచి ఉన్న తలుపు ఒకటుంది. ఇటలీలోనే పుట్టి, 1992 ఆగస్టు 16కు ముందు వేరే దేశపు పౌరసత్వం తీసుకుని తమది పోగొట్టుకున్నవాళ్ళు ఒక వాంగ్మూలంతో దాన్ని మళ్ళీ పొందవచ్చు. 2025 జూలై 1న తెరిచిన ఆ గడువు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. వాళ్ళంతా ఇప్పుడు పెద్దవయసువాళ్ళు. అమెరికాలో, కెనడాలో, ఆస్ట్రేలియాలో మన పిల్లల పక్కింట్లో, మన కోడళ్ళ, అల్లుళ్ళ పుట్టిళ్ళలో అలాంటి నోన్నాలు ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో ఎవరికైనా అలాంటి ఇల్లు తెలిసి ఉంటే, ఈ తేదీని వాళ్ళ చెవిన వేయండి. మనవళ్ళ గురించి ఎవరైనా సలహా అడిగితే, ఎవరికీ ఒక్క డాలరు ఇవ్వకముందు నోన్నా పెట్టె తెరిచి, ఆమె ఆ దేశపు పౌరురాలైన తేదీ చూడమనండి.